ఇంట్లో ఎత్తే బరువు బరువు కాదా?

బాలింతలు బరువులు ఎత్తవచ్చా అన్న విషయం మీద గత నెల ఈ శీర్షికలో నాలుగు మాటలు రాశాం. అప్పటి నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ కర్నూలు, కడప జిల్లాలవే. జిమ్ మానేసి దిగులు పడుతున్నవాళ్లూ రాశారు, బిందె ఎత్తడం ఒక్కరోజు కూడా మానలేనివాళ్లూ రాశారు. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరివీ తీసేసి ఊర్లు మాత్రం ఉంచాం. సమాధానాలు ఇస్తున్నది బాలింతలకు బలం పెంచే వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టు.

కాన్పుకు ముందు రెండేళ్లు జిమ్‌కు వెళ్లాను. డెడ్‌లిఫ్ట్ 60 కిలోలు లేపేదాన్ని. మామూలు కాన్పే, కింద కుట్లు పడ్డాయి. ఇప్పుడు ఏడు వారాలు. డాక్టరమ్మ చూసి అంతా బాగుందన్నారు. వచ్చే సోమవారం నుంచి పాత బరువులతోనే మొదలుపెట్టాలని ఉంది. తప్పా?
– కర్నూలు

సోమవారం వెళ్లండి, తప్పేం లేదు. ఆ 60 కిలోల సంగతి మాత్రం కొన్నాళ్లు మరిచిపోండి.

ఆరు వారాలకు డాక్టరమ్మ చూసేది వేరు. గర్భసంచి తన కొలతకు వచ్చిందా, కుట్లు మానాయా, రక్తం పోవడం ఆగిందా, బీపీ ఎట్లా ఉంది, ఇవి చూస్తారు. బాగుందంటే ఇవి బాగున్నాయని. పొత్తికడుపు అడుగున జోలెలా పరుచుకుని మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలాశయాన్ని మోసే కటి కండరాలు ఉంటాయి. కాన్పులో అన్నిటికంటే ఎక్కువ సాగేవి అవే. అవి 60 కిలోలకు సిద్ధంగా ఉన్నాయో లేదో ఆ పరీక్షలో తేలదు.

తొడలు, వీపు తొందరగానే పాత దారికి వస్తాయి. రెండేళ్లు సాధన చేసిన కండ అంత సులువుగా మరిచిపోదు. అడుగున ఉన్నవి మాత్రం నిదానం. చాలామందికి దెబ్బ తగిలేది ఈ తేడా దగ్గరే. బార్ తేలిగ్గా లేస్తుంది, ఓస్ ఇంతేనా అనిపిస్తుంది, ఇంకో 10 కిలోలు ఎక్కిస్తారు. మర్నాటి సాయంత్రానికి కింద ఏదో బరువుగా వేలాడుతున్నట్టు ఉంటుంది.

ముందు ఊపిరి సరిచేసుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. ఊపిరి తీసుకుంటే పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి, పొట్ట మెత్తగా లేవాలి. వదిలేటప్పుడు అపానవాయువును ఆపుకునేటట్టు మలద్వారం దగ్గర బిగించి, ఆ బిగింపును ముందుకూ పైకీ తీసుకురండి. తర్వాత ఏ బరువు ఎత్తినా ఇదే వరస: లేపేటప్పుడు ఊపిరి బయటికి. ఊపిరి బిగబట్టి, బెల్టు కట్టి లాగే పద్ధతి మీకు అలవాటై ఉంటుంది. దానికి ఇంకా కొన్ని నెలల టైముంది.

మొదటి రెండు మూడు వారాలు కుర్చీ మీద కూర్చుని లేచినట్టు స్క్వాట్లు, పడుకుని నడుము లేపడం, బ్యాండుతో వీపు వైపు లాగడం, చేతికొక చిన్న డంబెల్ పట్టుకుని నడవడం చాలు. ఆ తర్వాత ఖాళీ బార్. ఆడవాళ్ల బార్ 15 కిలోలు, మామూలు బార్ 20. డెడ్‌లిఫ్ట్‌ను నేల మీద నుంచి కాకుండా, మోకాళ్ల ఎత్తుకు దిమ్మెలు పెట్టి అక్కడి నుంచి లేపండి. ఏ సెట్టయినా ఇంకో మూడు నాలుగు సార్లు చేయగలను అనిపించేటప్పుడే ఆపండి. వారానికి రెండు కిలోలో మూడు కిలోలో పెంచుకుంటూ పోతే ఆరో నెల దరిదాపుల్లో ఆ 60 మళ్లీ కనిపించవచ్చు. కొందరికి ఏడాది పడుతుంది. బిడ్డ రాత్రంతా నిద్రపోనివ్వలేదనుకోండి, ఆ రోజు బరువు పెంచే రోజు కాదు.

బరువు సరిపోయిందా లేదా అన్నది ఎత్తేటప్పుడు కంటే మర్నాడు బాగా తెలుస్తుంది. ఆగిపోయిన రక్తం మళ్లీ ఎర్రగా కనిపించినా, మూత్రం జారినా, కింద బరువనిపించినా, కుట్ల దగ్గర నొప్పి లేచినా ముందు వారం బరువుకు దిగండి. ఒక కాలి పిక్క వాచి నొప్పిగా ఉన్నా, ఛాతీలో నొప్పి లేదా ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వ్యాయామం మాట పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కాన్పయిన తొలి వారాల్లో కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ.

పెద్దాపరేషన్ అయ్యి నాలుగు నెలలు. ఏడాది దాకా బిందె కూడా ముట్టుకోవద్దంటుంది మా అత్తమ్మ. కుట్లు పిగిలిపోతాయట. యూట్యూబులో ఒకామె ఆపరేషన్ అయిన నెలకే ప్లాంకులు వేస్తోంది. ఎవరి మాట వినాలి?
– ప్రొద్దుటూరు

ఇద్దరిలో అత్తమ్మ మాటే కొంచెం నయం. ఆమెది అతి జాగ్రత్త, రెండో ఆమెది అతి తొందర.

2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో కాన్పుల్లో 42 శాతం పైగా సిజేరియన్లే. ఇంతమందికి అవుతున్న ఆపరేషన్ గురించి మన ఇళ్లలో తెలిసింది తక్కువ. బయటికి కనిపించే కుట్లు చర్మానివి. అవి రెండు మూడు వారాల్లో మానతాయి, ఊడిపోతాయన్న భయం వాటి గురించే. అసలు చూసుకోవాల్సింది లోపలి పొర. చర్మం, కొవ్వు, దాని కింద పొట్ట కండరాలను కప్పి ఉంచే తెల్లటి గట్టి పొర, ఆ లోపల మరో పలుచటి పొర, చివరికి గర్భసంచి, ఇన్నీ కోస్తారు. కండరాలను సాధారణంగా కోయరు, పక్కకు జరుపుతారు. ఆ తెల్లటి పొరకు ఆరు వారాల్లో పాత బలంలో సుమారు సగమే వస్తుంది. ఆరేడు నెలలకు కూడా పూర్తిగా రాకపోవచ్చు. అందుకే నెలకే ప్లాంకులు వద్దు. అయితే ఆ పొర గట్టిపడాలంటే దాని మీద కొద్దికొద్దిగా బరువు పడుతూ ఉండాలి, అందుకే ఏడాది ఊరికే కూర్చోవడమూ వద్దు.

మొదటి ఆరు వారాలు బిడ్డ కంటే బరువైనది ఎత్తవద్దంటాం. మీరు ఆ గీత దాటి చాలా రోజులైంది. నాలుగో నెల బిడ్డ ఆరు కిలోలుంటుంది. రోజుకు ఎన్నిసార్లు ఎత్తుతున్నారో, ఎన్ని గంటలు చంకలో వేసుకుని తిరుగుతున్నారో అత్తమ్మకు లెక్క చెప్పండి. బిడ్డను ఎత్తే ఒళ్లు ఐదు కిలోల డంబెల్‌ను ఎత్తలేదా?

మొదలుపెట్టే ముందు పొట్ట చూసుకోండి. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. వేళ్ల కొనలు కాళ్ల వైపు ఉండేట్టు చేతిని బొడ్డు మీద ఆనించి, తల, భుజాలు కొంచెం పైకి లేపండి. రెండు వైపుల నుంచి కండరాలు మీ వేళ్ల దగ్గరికి వస్తాయి. వాటి మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయి? బొడ్డుకు పైన, కింద కూడా చూడండి. రెండు వేళ్లకు మించి సందు ఉంటే, ముఖ్యంగా వేళ్లు మెత్తగా లోపలికి దిగిపోతుంటే ఆ మధ్య గీత ఇంకా వదులుగా ఉన్నట్టు. కాన్పు తర్వాత కొన్ని నెలలు చాలామందికి ఉంటుంది, కంగారు పడాల్సింది కాదు. ఏ వ్యాయామంలోనైనా పొట్ట నడిమధ్య నిలువుగా దూలంలా ఉబికిందంటే అది ఇప్పుడు మీకు పనికిరాదని. సిటప్పులు, కాళ్లు రెండూ కలిపి పైకెత్తడం చాలామందిలో ఇలా ఉబికిస్తాయి.

నాలుగో నెలలో గోడకు చేతులు ఆనించి పుషప్‌లు, తక్కువ ఎత్తు మెట్టు ఎక్కి దిగడం, ఐదు కిలోలతో స్క్వాట్, చేతులు, మోకాళ్ల మీద ఉండి ఎదురు చెయ్యి, ఎదురు కాలు చాపడం, ఇవన్నీ చేయవచ్చు. పొట్ట ఉబకకపోతే నెల తర్వాత బల్ల మీద చేతులు పెట్టి ప్లాంకు. మంచం మీద నుంచి నేరుగా లేవకుండా పక్కకు తిరిగి, చేత్తో నొక్కుకుని లేవండి.

నడికట్టు సంగతి చాలామంది అడిగారు. ఆపరేషనైన తొలి వారాల్లో దగ్గినప్పుడు, లేచినప్పుడు పొట్టకు ఆసరాగా ఉంటుంది, హాయిగా ఉంటే కట్టుకోండి. పొట్ట తగ్గేది మాత్రం దానివల్ల కాదు. చీరముక్కతో ఊపిరాడనంతగా బిగిస్తే ఒత్తిడంతా కిందికి, కటి కండరాల మీదికి దిగుతుంది.

రెండో కాన్పయి ఏడు నెలలు. తుమ్మినా దగ్గినా కొంచెం తడుస్తుంది. స్కిప్పింగ్ మొదలుపెట్టి సిగ్గేసి మానుకున్నాను. పిల్లలు పుట్టినాక అందరికీ ఇంతేనంటుంది మా అక్క.
– ఆదోని

చాలామందికి ఉంటుంది నిజమే. ఉన్నంత మాత్రాన సర్దుకుపోవాల్సిన జబ్బేమీ కాదు, చాలావరకు తగ్గుతుంది. కటి కండరాల వ్యాయామాన్ని 1948లోనే అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ప్రచారంలోకి తెచ్చాడు. ఇన్నేళ్లయినా మన దగ్గర కాన్పు గది దాటి బయటికి రాలేదు.

పైన కర్నూలు చెల్లెలికి చెప్పిన బిగింపే. ఒక్కోసారి ఎనిమిది బిగింపులు, రోజుకు మూడు సార్లు, కనీసం మూడు నెలలు. ఒక్కో బిగింపు ఆరేడు సెకన్లు పట్టి ఉంచి, అంతే సేపు పూర్తిగా వదలాలి. వదలడం సగం వ్యాయామం, చాలామంది దాన్నే ఎగ్గొడతారు. పిరుదులు, తొడలు బిగుస్తున్నాయంటే తప్పు చోట చేస్తున్నట్టు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయమని ఎవరైనా చెబితే వినకండి. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు, ఇన్ఫెక్షన్‌కు దారి. తడుస్తుందని నీళ్లు తగ్గించకండి.

స్కిప్పింగ్ తాడు ప్రస్తుతానికి మేకుకు తగిలించండి. గెంతులు, పరుగు లాంటివి కాన్పయిన మూడు నెలల లోపు ఎవరికీ వద్దంటాం, తడుపు ఉన్నవాళ్లకు అది ఆగేదాకా వద్దు. బరువులు మానక్కర్లేదు. తడవని బరువుతో, తడవని పద్ధతిలో చేయండి. మూడు నెలలకూ మార్పు లేకపోయినా, కిందికి ఏదో జారినట్టు చేతికి తగులుతున్నా స్త్రీల డాక్టరుకు చూపించాలి. మీ ఊరి ఏరియా ఆసుపత్రిలో అడగండి, లేకపోతే కర్నూలు పెద్దాసుపత్రి. సిగ్గుపడేంత కొత్త విషయమేం కాదు వాళ్లకు.

నేను బండల పాలిషింగ్ కాడ కూలికి పోతా. బిడ్డకు మూడో నెల పడంగానే పనికి పోతాండాను. ఇంటికి నీళ్లు మోసేది, బర్రెకు కసువు మోసేది నేనే. సాయంత్రానికి నడుము పట్టేస్తాంది, కండ్లు తిరుగుతాండాయి. మీరు జిమ్ముకు పోయేటోళ్లకే చెప్తారా? నా అట్లాటోళ్లకు గూడా వ్యాయామం కావల్నా?
– ఎర్రగుంట్ల

కావాలమ్మా. మీకే ముందు కావాలి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మీదే.

మన తిరునాళ్లలో మగవాళ్లు గుండు ఎత్తే పోటీలు పెడతారు. గుండు ఎన్ని కిలోలో చెబుతారు, గెలిచినవాడికి బహుమతి ఇస్తారు. 20 లీటర్ల నీళ్ల క్యాను 20 కిలోలు. సోనా బియ్యం బస్తా 25 కిలోలు. నిండు గ్యాస్ సిలిండరు దాదాపు 30. పెద్ద బిందె నిండుగా 15 దాకా ఉంటుంది. ఇవి ఇంట్లో ఎత్తితే మాత్రం లెక్కలోకి రావు. బరువులు ఎత్తొద్దని బాలింతకు చెప్పే ఇళ్లలోనే ఆ బాలింత చేత బిందె ఎత్తిస్తారు.

పనిలో ఎత్తడానికీ వ్యాయామంలో ఎత్తడానికీ తేడా ఒకటే. జిమ్‌లో బరువు కొద్దికొద్దిగా పెరుగుతుంది, అలిసిపోతే ఆపుతారు. పనిలో బండ మొదటి రోజు నుంచే నిండు బరువు, అలిసినా ఆగదు, రోజూ ఒకే పక్క. అందుకే పని చేసినకొద్దీ బలం రావాల్సింది పోయి నడుం పట్టేస్తోంది. పనిని మార్చడం మీ చేతుల్లో లేదని తెలుసు, ఎత్తే తీరును కొంచెం మార్చవచ్చు.

బిందె దగ్గరికి బాగా జరగండి, రెండు పాదాల మధ్యకు అది రావాలి. నడుం వంచి చెయ్యి చాపకుండా పిరుదులు వెనక్కి నెట్టి, మోకాళ్లు మడిచి కిందికి దిగండి. బిందె ఒంటికి తగిలేటట్టు పట్టుకోండి. ఊపిరి తీసుకుని, కింద బిగించి, ఊపిరి వదులుతూ కాళ్లతో లేవండి. లేచినాకే తిరగండి, లేస్తూ తిరగొద్దు. నిండు బిందె ఒకటి చంకనెత్తుకునే బదులు సగం సగం ఉన్న రెండు బకెట్లు చెరొక చేత పట్టుకోండి. దోవ అంతే ఉంటుంది, నడుము సగం బతుకుతుంది. చంకనే పెట్టుకోవాల్సి వస్తే ఒక తూరి కుడి, ఒక తూరి ఎడమ. బండను ఇద్దరు పట్టేదైతే ఇద్దరే పట్టండి. బిడ్డకు పాలిచ్చే ముందు ఒళ్లు, ముఖం కడుక్కుని చీర మార్చుకోండి, ఆ దుమ్ము బిడ్డ ఊపిరిలోకి పోకూడదు.

రాత్రి పడుకునే ముందు చాప మీద పది నిమిషాలు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం పది సార్లు. చేతులు, మోకాళ్ల మీద ఉండి ఎదురు చెయ్యి, ఎదురు కాలు చాపడం వైపుకు ఎనిమిది సార్లు. ఆదోని చెల్లెలికి చెప్పిన బిగింపు ఎనిమిది సార్లు. అంతే.

నడుం కంటే ఆ కళ్లు తిరగడం నాకు ఎక్కువ దిగులుగా ఉంది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 59 శాతం మందికి రక్తం తక్కువని పైన చెప్పిన సర్వేలోనే తేలింది. కాన్పులో రక్తం పోయినవాళ్లకు ఇంకా తగ్గుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బు లేకుండా హిమోగ్లోబిన్ చూస్తారు. 12 కంటే తక్కువంటే రక్తహీనత. ఎనిమిది, తొమ్మిది ఉంటే వ్యాయామం సంగతి తర్వాత, ముందు వైద్యం. కాన్పయినాక 180 రోజులు రోజుకొక ఐరన్ మాత్ర వేసుకోవాలి, ఏఎన్ఎం దగ్గర ఊరికే ఇస్తారు. టీతో, పాలతో వేసుకోకండి, క్యాల్షియం మాత్రతో కలపకండి. నిమ్మకాయ పిండిన అన్నం తిన్నాక వేసుకుంటే ఇంకా మంచిది. సంగటి మంచిదే, ఒట్టి సంగటితో కండ రాదు. పక్కన ఉలవలో అలసందలో, గుప్పెడు చెనిక్కాయలు, కుదిరిన రోజు గుడ్డు.

ఇంకొక మాట. కాన్పయిన ఆరు వారాల లోపు ఆడమనిషిని పనిలో పెట్టుకోకూడదని చట్టం చెబుతుంది. కూలి లెక్కన పనిచేసేవాళ్లకు అది కాగితం మీదే మిగులుతోందన్నది వేరే సంగతి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడబిడ్డ పుడితే 6,000 ఇస్తారు. గడువు ఉంటుంది కాబట్టి అంగన్‌వాడీ టీచరును ఈ వారమే అడగండి.

వ్యాయామం చేసి పాలిస్తే పాలు పులుస్తాయంటున్నారు. బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదని రోజుకు రెండు చెంబులే ఇస్తున్నారు. బయట మే నెల ఎండ. ఏం చేయాలి?
– ఎమ్మిగనూరు

ముందు ఇంకో రెండు చెంబులు తాగి తర్వాత చదవండి.

పాలు పులవవు. బాగా ఆయాసం వచ్చేటట్టు చేసినప్పుడు పాలలో లాక్టిక్ ఆమ్లం కొద్దిగా పెరగవచ్చు, దానివల్ల బిడ్డకు హాని లేదు. మామూలుగా వ్యాయామం చేసే తల్లుల బిడ్డల ఎదుగుదలలో తేడా లేదని పరిశోధనల్లో తేలింది. రొమ్ములు బరువుగా ఉంటే ఎత్తడం ఇబ్బంది కాబట్టి ముందు పాలిచ్చి మొదలుపెట్టండి. చెమట తుడుచుకుని మళ్లీ ఇవ్వండి. మరీ బిగుతైన బ్రా వేసుకుని గంటలు గంటలు ఉండకండి, పాలు గడ్డకడతాయి.

నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందన్నది ఒట్టి మాట. 40 డిగ్రీలు దాటే కర్నూలు ఎండలో పాలిచ్చే తల్లికి నీళ్లు ఆపితే కళ్లు తిరగడం, మలబద్ధకం, మూత్రంలో మంట, ఇవన్నీ వరసగా వస్తాయి. ముక్కి ముక్కి వెళ్లడం కటి కండరాలకు బరువెత్తడం కంటే చెడ్డది. పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు, వ్యాయామానికి ముందొకటి, తర్వాత ఉప్పేసిన పలచటి మజ్జిగ. ఎండకాలంలో ఉదయం ఆరున్నర లోపే ముగించండి. సాయంత్రం మిద్దె వేడి దిగదు, రేకుల ఇంట్లో అసలే వద్దు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు 600 క్యాలరీలు, సుమారు 17 గ్రాముల ప్రొటీన్ అదనంగా కావాలి. పథ్యం పేరుతో కారప్పొడి అన్నం పెట్టే ఇళ్లలో ఇది ఎక్కడి నుంచి వస్తుంది? గుడ్డుకు ఆరు గ్రాములు, 100 గ్రాముల బుడ్డలకు 25 గ్రాములు. ఉగ్గాని మీద వేయించిన బుడ్డల పొడి దండిగా చల్లమనండి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంది. పాలిచ్చే నెలల్లో ఎముకల నుంచి కొంత క్యాల్షియం పోయి పాలు మాన్పించాక తిరిగి వస్తుంది, ఈ లోగా రాగి సంగటిని మించినది నాకు తోచదు. బరువు తగ్గాలని తిండి తగ్గించి బరువులు ఎత్తడం అన్నిటికంటే చెడ్డ బేరం.

నా భార్యకు రెండో కాన్పప్పుడే పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించాం. ఏడాదైంది. ఇప్పుడు జిమ్‌కు పోతానంటోంది. ఆ ఆపరేషన్ అయినవాళ్లు జన్మలో బరువులు ఎత్తకూడదంటారు కదా?
– కడప

మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఈ ఆపరేషన్ అయ్యింది. జన్మలో బరువులు ఎత్తకూడదన్న మాట నిజమే అయితే రాయలసీమలో పొలం పని ఎప్పుడో ఆగిపోయేది.

ఆ ఆపరేషన్‌లో చేసేది అండం వచ్చే సన్నటి గొట్టాలను మూసేయడం. వాటికీ పొట్ట కండరానికీ, నడుము ఎముకకూ సంబంధం లేదు. ఒకటి రెండు వారాలు బరువు పనులు వద్దంటారు, అంతే. సిజేరియన్‌తో పాటు చేసి ఉంటే సిజేరియన్ లెక్కే వర్తిస్తుంది, అది కూడా మీ ఆవిడకు దాటిపోయింది. ఆపరేషన్ తర్వాత నడుం నొప్పి అనేవాళ్లలో నాకు కనిపించేది ఎక్కువగా బలం లేకపోవడమే. కాన్పులు, ఆపరేషన్, ఆ వెంటనే ఇద్దరు పిల్లల చాకిరీ, మధ్యలో ఒళ్లు కోలుకునే వ్యవధి లేదు. దానికి మందు జిమ్మే.

అడగకుండానే ఒక ప్రశ్న వేస్తాను, ఏమనుకోకండి. జన్మలో బరువులు ఎత్తకూడదని నమ్మినవారు, ఈ ఏడాదిగా సిలిండరు మీరే లోపల పెడుతున్నారా? ఆమెకు జిమ్‌కు పోయే గంట దొరకాలంటే పిల్లలను ఆ గంట చూసుకునేది ఎవరో ముందు తేల్చుకోండి.

బాబుకు మూడు నెలలు. వ్యాయామం చేయమంటారు గానీ ఏదీ చేయబుద్ధి కాదు. ఊరికే ఏడుపొస్తుంది. నిద్ర పట్టదు.
– పులివెందుల

వ్యాయామం ఆగవచ్చు, ఇది ఆగకూడదు. కాన్పు తర్వాత ఇలా రెండు వారాలు దాటి ఉంటే అది చూపించుకోవాల్సిన జబ్బు. బద్ధకం, పొగరు అని ఎవరేమన్నా పట్టించుకోకండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించండి, అవి తేడా చేసినా ఇలాగే ఉంటుంది. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఎప్పుడైనా డబ్బు లేకుండా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మిమ్మల్ని మీరు గానీ బిడ్డను గానీ ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన వస్తే ఇంట్లో ఒకరికి చెప్పి ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

కాలేజీ రోజుల్లో వెయిట్‌లిఫ్టింగ్‌లో జిల్లా తరఫున ఆడాను. పెళ్లి, పాప. పాపకు ఐదు నెలలు. పిల్లలు పుట్టినాక ఇంకేం లిఫ్టింగ్ అంటున్నారు అందరూ. మళ్లీ పోటీకి దిగడం అత్యాశా?
– కడప

కరణం మల్లీశ్వరి పేరు మీకు నేను చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ఆ పతకం దగ్గరే మన కథ ఆగిపోతుంది. 2001లో ఆమెకు కొడుకు పుట్టాడు. 2002 కామన్వెల్త్ క్రీడలకు తిరిగి రావాలనుకుంది, తండ్రి చనిపోవడంతో తప్పుకుంది. 2004 ఏథెన్స్‌లో మళ్లీ ఒలింపిక్ వేదిక ఎక్కింది. పతకం రాలేదు, ఆ తర్వాత పోటీలు మానేసింది. బిడ్డను కన్నాక ఒలింపిక్స్ దాకా తిరిగి వెళ్లిన సంగతి మాత్రం మనవాళ్లు ఎవరూ చెప్పుకోరు. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2018 అక్టోబరులో కొడుకును కని, 2020 జనవరిలో హోబర్ట్ టోర్నీలో డబుల్స్ టైటిల్ గెలిచింది. అంటే ఆమె కూడా తిరిగి కోర్టులోకి రావడానికి ఏడాది పైనే తీసుకుంది. వాళ్లకున్న కోచ్‌లు, సహాయకులు మీకు ఉండరు కాబట్టి ఆ ఏడాదిని మీరు కుదించుకోవద్దు.

ఐదో నెలలో మీరు పని చేయాల్సింది స్క్వాట్, పుల్, ప్రెస్ మీద, తక్కువ బరువులతో. స్నాచ్, క్లీన్ లాంటి వేగంగా లాగేవాటికి తొందర లేదు. బార్‌ను అందుకోవడానికి ఒక్కసారిగా కిందికి కూర్చున్నప్పుడు కటి కండరాల మీద పడే ఒత్తిడి గెంతితే పడేదానిలాంటిదే. కాబట్టి ముందు గెంతు పరీక్ష పెట్టుకోండి: 20 సార్లు ఉన్నచోటే గెంతితే తడవకూడదు, బరువనిపించకూడదు. అది నెగ్గాక ప్లాస్టిక్ కర్రతో, ఆ తర్వాత ఖాళీ బార్‌తో. ఊపిరి బిగబట్టి గరిష్ఠ బరువు ఎత్తడం తొమ్మిదో నెల తర్వాతి మాట. మొదటి పోటీని పాప మొదటి పుట్టినరోజు దాటాక పెట్టుకోండి, అదీ పాత రికార్డు కోసం కాదు, ఆరు ఎత్తులూ శుభ్రంగా పడటానికి. బరువు విభాగం కోసం ఒళ్లు తగ్గించుకోవడం పాలు మాన్పించేదాకా వద్దు. ఒక విభాగం పైన ఆడండి.

పాపను చూసేవాళ్లు లేరు. పక్కన పడుకోబెట్టుకుని ఇంట్లోనే డంబెల్స్ చేయవచ్చా?
– జమ్మలమడుగు

చేయండి. మీ వైపు ఇళ్లలో నేల కడప బండలదే అయి ఉంటుంది, వాటం పెట్టి పరుస్తారు. గుండ్రటి డంబెల్ ఆ వాటానికి దొర్లుతుంది, అందుకే ఆరు పలకలున్నవి కొనండి. లేకపోతే ఐదు కిలోల ఇసుక పోసి నోరు కుట్టిన గుడ్డసంచి చాలు. మీ కింద మందపాటి జంఖానా వేసుకోండి, ఒట్టి బండ మీద మోకాళ్లు నిలవవు. పాప చాప గదికి ఎగువ పక్క వేయండి, బరువులు దిగువ పక్క పెట్టండి. పాప పాకడం మొదలుపెట్టాక నిద్రపోయే టైములో తప్ప చేయకండి.